ఒట్టి గిన్నె, ఇటలీ మాట

ఆ రోజు పొద్దున్న జగన్నాధం పెట్టుకున్న పని ఒక్కటే. తెల్లదొరసానుల ఆస్పత్రి గిన్నె తిరిగిచ్చేసి, ఎండెక్కకముందే వచ్చి పెసర చేలో దిగాలి. పోను నాలుగు మైళ్ళు, రాను నాలుగు మైళ్ళు. గిన్నె చూస్తే అరచేతిలో ఇమిడేది. తెల్లటి పూత, అంచున నీలం గీత, అడుగున గోరంత పెచ్చు ఊడింది. ఆ గిన్నె సంగతి తేలడానికి మూడు నెలలు పడుతుందని ఎవరైనా చెబితే జగన్నాధం నమ్మేవాడు కాడు. అతను దేన్నీ చప్పున నమ్మే మనిషి కాడు. మాట్లాడే మనిషి అంతకన్నా కాడు. ఎదటివాడు పది మాటలంటే ఒక్కసారి తలూపేవాడు. ఆ ఊపు అవునో కాదో ఊళ్ళో ఇంకా తేలలేదు.

అంతకు నెల కిందట అతని పెళ్ళాం అసిరమ్మకి పురుడు కష్టమైంది. రెండు రోజులు చూసి, మంత్రసాని చేతులెత్తేస్తే, మంచానికి తాళ్ళు కట్టి నలుగురు మోసుకుపోయి ఆ ఆస్పత్రి అరుగు మీద దింపారు. అక్కడి పెద్ద డాక్టరు ఆగ్నెసె అనే ఇటలీ దేశపు సన్యాసిని. జనానికి మదరమ్మ. ఆవిడ లోపలికి తీసుకుపోయి తలుపేసుకుని, తెల్లారేసరికి తల్లినీ బతికించింది, ఆడపిల్లనీ చేతికిచ్చింది. జగన్నాధానికి ఉన్న కాసిని మాటలూ ఆ పూట గొంతులోనే ఉండిపోయాయి. ఆవిడ కాళ్ళ మీద పడ్డాడు. ఆవిడ లేవదీసి, వేలు పైకి చూపించి, "రింగ్రాత్సియా దీయో" అంది. అదేమిటో అతనికి తెలియలేదు గాని, అక్షరం పొల్లుపోకుండా గుర్తుండిపోయింది. నోరు తక్కువవాడికి దేవుడు చెవులు గట్టివి ఇస్తాడు.

మదరమ్మ మన దేశం వచ్చి రెండేళ్ళే అయింది. ఆవిడకి వచ్చిన తెలుగంతా ఆస్పత్రి తెలుగే. నోరు తెరు, నాలుక చాపు, గట్టిగా ఊపిరి పీల్చు, నొప్పి ఎక్కడ, రేపు రా. మంచికీ చెడ్డకీ వీటితోనే నెట్టుకొచ్చేది. అసిరమ్మని ఇంటికి పంపిన రోజున బాలింత దారిలో తాగుతుందని ఒక గిన్నెడు జావ ఇచ్చి, "గట్టిగా ఊపిరి పీల్చు" అని దీవించింది. ఈ గిన్నె ఆ గిన్నే.

జగన్నాధం గిన్నె బూడిదతో తోమి, తుండుగుడ్డలో చుట్టి గుమ్మం దాటబోతుంటే వెనక నుంచి అసిరమ్మ అంది:

"ఏటి మావా, ఒట్టి గిన్నె అట్టుకెల్తన్నావు?"

"తోమేనే."

"తోమితే నిండిపోద్దేటి? ఒకరింటి గిన్నె ఒట్టిది తిరిగెల్తే ఆలికీ మంచిది కాదు, మనకీ మంచిది కాదు. పోయిన పేనం తెచ్చి నా ఒంట్లో ఎట్టిన తల్లి. ఆవిడ గిన్నె ఒట్టిదంపితే నలుగురూ ఏటనుకుంటారు?"

అది నిజమే. ఆ పక్కల ఏ ఇంట్లోనూ పొరుగింటి గిన్నె ఖాళీగా తిరిగి వెళ్ళదు. ఏమీ లేని ఇల్లయినా రెండు పచ్చిమిరపకాయలైనా వేసి పంపుతుంది. అసిరమ్మ గిన్నె నిండా నువ్వులుండలు పెట్టింది. జగన్నాధం తలూపి బయల్దేరాడు.

ఆస్పత్రి అరుగు మీద గంగులు ఉన్నాడు. మందులు పొట్లాలు కట్టడం, రోగుల్ని వరసలో నిలబెట్టడం, మదరమ్మకి సైకిలు మీద సరుకులు తేవడం అతని ఉద్యోగం. గిన్నె పుచ్చుకుని లోపలికి వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు దవడ ఆడుతోంది, చేతిలో అదే గిన్నె ఉంది, గిన్నెలో కొండలా అమెరికా పాలపొడి ఉంది.

"ఇదేటి గంగులూ?"

"నానేటి సేస్తానన్నా, మదరమ్మ ఇమ్మన్నాది. నువ్వులుండ బాగున్నాదే. వదిన సేసిందా?"

లోపల కిటికీలోంచి మదరమ్మ ముఖం కనిపించింది. నవ్వుతూ చెయ్యి ఊపింది. "రేపు రా!"

జగన్నాధం నిండు గిన్నెతో నాలుగు మైళ్ళూ వెనక్కి నడిచాడు. పెసర చేను ఆ పూట అలాగే ఉండిపోయింది.

రెండోసారి కొత్త బెల్లం పెట్టి పంపింది అసిరమ్మ. గిన్నెలో ఉన్ని టోపీ వచ్చింది. మదరమ్మ స్వయంగా అల్లిందట. వాళ్ళ దేశంలో పసిపిల్లలు మంచులో పుడతారు కాబోలు. ఫాల్గుణమాసపు ఎండలో పిల్ల ఆ టోపీతో ఉడికిన చిలగడదుంపలా ఉంది. అసిరమ్మ ముచ్చటగా చూసి, "ఇంత పని సేసిందా తల్లి! దీనికేటి ఎడతాం మరి?" అంది. జగన్నాధం గిన్నె వంక చూశాడు. ఏడాదికి ఒక ఎద్దు గానుగ చుట్టూ ఎంత నడుస్తుందో అతనికి తెలుసు. ఎద్దుకి తెలియదు.

అతను మూడు రోజులు ఆలోచించి, కోటబొమ్మాళిలో గోవిందరావు మాస్టారి దగ్గరికి వెళ్ళాడు.

గోవిందరావు మాస్టారు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. చుట్టుపక్కల పదూళ్ళకి ఇంగ్లీషు ఉత్తరం రాయాలన్నా చదవాలన్నా ఆయనే దిక్కు. రాసిపెట్టినందుకు ఏమీ ఆశించని పుణ్యాత్ముడు. కాకపోతే ఆయనకి ఒక పిచ్చి ఉంది. ఏ మాట విన్నా దాని పుట్టుక తెలిసేదాకా నిద్ర పట్టదు. మూలం తెలియని మాట వాడటం, గుడి బయట ఎవరి చెప్పులో తొడుక్కుపోవడం లాంటిదని ఆయన సిద్ధాంతం. ఎవరైనా కాఫీ ఇస్తే, తాగేసి, కాఫీ అనే మాట ఏ ఎడారిలో బయల్దేరిందో చెప్పిగాని లేచేవారు కాదు. అందుకని ఆయనకి కాఫీ ఇచ్చే ఇళ్ళు ఏటికేడాదీ తగ్గుతూ వచ్చాయి.

"బావూ, మదరమ్మకి ఒక ముక్క రాసియ్యాల."

"ఏమని రాయమంటావ్?"

దారంతా కూడదీసుకున్న మాటలు జగన్నాధం ఒక్క ఊపిరిలో అనేశాడు. "నీ దయ మాకు సాలా గొప్పది తల్లీ. నీ మేలు మరవం. మాకింకేటీ అంపకు. గిన్నె నీ కాడే ఉంచీసుకో. అదీ. మొకం మీద సెప్తే తిట్టినట్టుంటాది. ఆలి దేసం బాసలో మరియాదగా సెప్పీ మాట ఒకటుండే ఉంటాది గదా. ఆ రోజు నాను కాళ్ళ మీద పడితే ఆవిడన్నాది, రింగ్రాత్సియా దీయో అని."

మాస్టారి కళ్ళజోడు నుదుటి మీదికి వెళ్ళిపోయింది. "ఏదీ, మళ్ళీ అను."

జగన్నాధం మళ్ళీ అన్నాడు.

"దీయో అంటే దేవుడయ్యా! లాటిన్‌లో దేవుస్. మన దేవుడికీ దానికీ ఒకటే వంశం. దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవయ్యా అని ఆవిడ నీకు చెప్పింది. మరి ఈ రింగ్రాత్సియా... ఇది క్రియ. కృతజ్ఞత చెప్పడం అనే క్రియ. అసలు రూపం రింగ్రాత్సియారే అయి ఉంటుంది. దీని పుట్టుకేమిటి?"

"అది మీరే సూసుకోండి బావూ. మన ముక్క..."

కాని మాస్టారు అప్పటికే అటక ఎక్కారు. బడిలో చేరకముందు ఆయన ఒక తెల్లదొర దగ్గర గుమస్తాగా చేశారు. ఆ దొర దేశం వదిలి వెళ్తూ ఒక లాటిన్ నిఘంటువు ఆయన చేతిలో పెట్టి వెళ్ళాడు. దాన్ని దింపి, దుమ్ము దులిపి తెరిచారు. 'ఎఫ్' అయిపోగానే 'హెచ్' వచ్చింది. నడుమ, 'గ్రా' అనే ముక్క దొరకాల్సిన 'జి' మొత్తం చెదలు తినేశాయి. మాస్టారు ఆ ఖాళీ వంక, అయినవాళ్ళు పోయిన ఇంటి వంక చూసినట్టు చూశారు.

"ఫరవాలేదు. ఆవిడనే అడుగుదాం," అని కూర్చుని రెండు పేజీలు రాశారు. జగన్నాధం స్తంభానికి ఆనుకుని, కలం పోయే పోకడ గమనిస్తూ నిలబడ్డాడు. తను చెప్పింది ఐదు ముక్కలు. కాగితం మీద చాలా ఉన్నాయి.

"మన ముక్క రాసేరా బావూ?"

"ఇదంతా దానికోసమేనయ్యా," అన్నారు మాస్టారు. ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు.

ఉత్తరం పట్టుకెళ్ళాలి. గిన్నే పట్టుకెళ్ళాలి. గిన్నె ఒట్టిది వెళ్ళకూడదు. దొడ్లో చెట్టుకి కాసిన జీడిపప్పు వలిచి పోసింది అసిరమ్మ. ఆ ఏటి పప్పంతా అదే.

వారం తిరగకుండా జవాబు వచ్చింది. ఊదారంగు సిరాతో మూడు పేజీలు. గిన్నెతో పాటు మందపాటి రగ్గు ఒకటి. జగన్నాధం రగ్గు భుజాన వేసుకుని, చెమటలు కక్కుతూ ముందు మాస్టారి ఇంటికే వెళ్ళాడు. మాస్టారు ఉత్తరం చదువుతూ చదువుతూ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"అమృతం, జగన్నాధం, అమృతం! ఈ దేశం వచ్చాక తన భాష గురించి అడిగినవాణ్ణి నేనే మొదట అట. చదివి ఏడ్చానని రాసింది మహాతల్లి. విను. రింగ్రాత్సియారే విప్పితే నాలుగు ముక్కలు. చివరి 'ఆరే' మన 'ఇంచు' లాంటిది. ప్రేమకి తగిలిస్తే ప్రేమించు అవుతుంది చూడు, అలా. నడుమ ఉన్నది గ్రాత్సియా. దాని తల్లి లాటిన్‌లో గ్రాతియా. ఆ తల్లికి తల్లి గ్రాతుస్, అంటే ఇంపైనది, మనసుకి నచ్చినది. దాని ముందు 'ఇన్', అంటే లోపల. అన్నిటికన్నా ముందు 'రి'. ఇక్కడ వచ్చింది చిక్కు."

"సిక్కేటి?"

"రి అంటే తిరిగి అని అర్థం. దయని తిరిగి ఇవ్వడమే కృతజ్ఞత అని నేనంటాను. ఆవిడేమో ఇక్కడ రి అంటే తిరిగి కాదు, మాటకి బలం కోసం వచ్చి చేరింది అంటోంది. నేను ఒప్పుకోను."

"ఒప్పీసుకోండి బావూ," అన్నాడు జగన్నాధం. ఆ ఏడాది అతను నోరారా అన్న మాట అదొక్కటే.

మాస్టారు ఒప్పుకోలేదు. నాలుగు పేజీలు రాశారు. జగన్నాధం పెరట్లో మొదటి కాపు పనసకాయ ఆ ఉత్తరంతో వెళ్ళింది. గిన్నెలో పట్టదు కాబట్టి, పనసకాయ నెత్తి మీదా, గిన్నె పనసకాయ మీదా బోర్లించుకుని వెళ్ళాడు జగన్నాధం. గంగులు ఎదురొచ్చి అందుకున్నాడు. ఈ రాకపోకల వల్ల లోకంలో బాగుపడ్డవాడు గంగులు ఒక్కడే. మనిషి బుగ్గలు నిండాయి.

ఆ ఉత్తరం జవాబుతో నల్ల గొడుగు వచ్చింది. ఎండన పడి వస్తున్నావు, వేసుకో అని దాని అర్థం. మాస్టారి ఆనందానికి ఈసారి పట్టపగ్గాల్లేవు.

"లాటిన్‌వాళ్ళ గొప్ప చూశావా! ఒకరు చేసిన మేలునీ గ్రాతియా అనే అన్నారట. దానికి ఎదటివాడు పడే కృతజ్ఞతనీ గ్రాతియా అనే అన్నారట. రెంటికీ ఒకటే మాట!"

జగన్నాధం గొడుగు చంకన పెట్టుకున్నాడు. "మరి ఎవులు సేసింది మేలో, ఎవులు తీర్సుకుంటన్నారో ఎలగ తెలుస్తాది?"

మాస్టారు "అదే అడుగుతాను," అని కలం తీశారు.

ఇంటి దగ్గర అసిరమ్మ గొడుగు విప్పి చూసి, ముడిచి, కోళ్ళ గంప వైపు నడిచింది. "ఆ మాట మూలం తవ్వడం కాదు గాని మావా, మాస్టరు బావు మన ఇంటి పునాది తవ్వేస్తన్నాడు," అని ఒక మాట అని, మంచి పెట్టలు రెండు కాళ్ళు కట్టి ఇచ్చింది. అంది గాని, ఆవిడ మనసులో కష్టం లేదు. పక్కన పిల్ల కేరింతలు కొడుతుంటే ఏది పోయినా పోయినట్టు ఉండేది కాదు. జగన్నాధానికీ అంతే. పెట్టల్ని మోసుకుపోతూ దారిలో ఒకచోట ఆగాడు. నాలుగు మైళ్ళ ఆ దారినే మంచం మోసుకుపోయిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు ఏ చెట్టు దగ్గర అసిరమ్మ మూలుగు ఆగిపోయిందో అతనికి తెలుసు. ఆ చెట్టు దాటేటప్పుడు ప్రతిసారీ ఒక దణ్ణం పెట్టుకుని మరీ వెళ్ళేవాడు.

ఈసారి గంగులు జవాబు తెచ్చి ఇచ్చినప్పుడు అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. వెనకాల మదరమ్మే స్వయంగా వచ్చింది. గంగులు తొక్కే సైకిలుని తనే నడిపించుకుని వచ్చి, హేండిలు జగన్నాధం చేతిలో పెట్టింది. అతని పాదాలకేసి చూపించి, "నొప్పి ఎక్కడ?" అంది. ఇంత దూరం నడుస్తున్నావు, ఇక నడవకు అని ఆవిడ భావం.

జగన్నాధానికి సైకిలు తొక్కడం రాదు. నాలుగు మైళ్ళూ నడిపించుకుని వచ్చాడు. గిన్నె హేండిలుకి వేలాడుతూ గణగణ మోగింది. ఆ మోతకి దారి పొడుగునా ప్రతి ఊరూ బయటికొచ్చి చూసింది.

ఇంక గుట్టుగా తేలే వ్యవహారం కాదు. సైకిలు వచ్చిన ఇంట్లోంచి పెట్టలు వెళ్ళవు. అసిరమ్మ ఆ సాయంత్రం వంట చెయ్యలేదు. దొడ్లోకి వెళ్ళి గేదె దగ్గర కూర్చుంది. ఇంట్లో పాడి అదొక్కటే. పురుడు కష్టమైనందువల్ల అసిరమ్మకి పాలు చాలలేదు. పిల్ల పెరుగుతున్నది ఆ గేదె పాలు నీళ్ళు కలిపి పడుతుంటేనే.

"ఎలగే?" అన్నాడు జగన్నాధం.

"ఏటెలగ? ఆవిడ లేపోతే పాలు తాగీ గుంటే లేదు. తోలుకెల్దాం."

"గుంటకి పాలు?"

అసిరమ్మ గేదె గంగడోలు నిమురుతూ కూర్చుంది. జగన్నాధం తలూపాడు. అది అవుననే.

మర్నాడు పిల్లని చూపించే రోజు. అసిరమ్మ పిల్లని ఎత్తుకుంది. జగన్నాధం ఒక చేత గేదె పలుపు, రెండో చేత సైకిలు, సైకిలుకి గొడుగూ గిన్నే. కోటబొమ్మాళి దాటేసరికి గోవిందరావు మాస్టారు ఇస్త్రీ చొక్కాలో ఎదురుపడ్డారు. జేబు నిండా ఊదారంగు ఉత్తరాలు.

"నేనూ వస్తానయ్యా. ఇది ఉత్తరాల మీద తేలదు. గ్రాతుస్‌కి మన సంస్కృతంలో చుట్టం దొరికాడు, గృణాతి! స్తుతించడం! ఆవిడకి స్వయంగా చెప్పాలి. ఇంతకీ గేదె ఎందుకు?"

జగన్నాధం గేదెని ముందుకి తోలాడు.

ఆస్పత్రి అరుగు ముందు గేదెని చూడగానే మదరమ్మ దగ్గరుండే సన్యాసినులు, చిన్న మదర్లు ఇద్దరు పరుగున బయటికి వచ్చారు. వాళ్ళ ముఖాలు వెలిగిపోయాయి. వాళ్ళ వెనక మదరమ్మ వచ్చింది. ఆవిడ ముఖం మాత్రం పాలిపోయింది. గేదెని చూసింది, జగన్నాధాన్ని చూసింది. అతను పలుపు వేపచెట్టుకి కట్టేసి, గేదె వంక చూడకుండా నిలబడ్డాడు. కంట్లో నీరు తిరిగింది.

"నొప్పి ఎక్కడ?" అంది మదరమ్మ. ఆ గొంతు విని గంగులు కూడా తల దించుకున్నాడు.

ఆవిడ గిర్రున మాస్టారి వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో అడిగింది. మాస్టారు ఇంగ్లీషులోనే ఏదో అన్నారు. ఆవిడ మళ్ళీ గట్టిగా అడిగింది. మాస్టారు ఈసారి జేబు తడుముకున్నారు. ఆవిడ ఆయన జేబులోంచి ఉత్తరాలన్నీ లాగి, ఒక్కొక్కటే విప్పి, ప్రతి దాంట్లోనూ ఆఖరి పేజీలో అడుగున ఉన్న నాలుగైదు వరసల మీద వేలు పెట్టి చూపించింది. మాస్టారు చదివారు. రెండోది చదివారు. మూడోది చదివేసరికి అరుగు మీద కూర్చుండిపోయారు.

"ఏటి బావూ?" అంది అసిరమ్మ.

"అన్నిట్లోనూ ఒకటే రాసిందమ్మా. 'దయచేసి జగన్నాధానికి చెప్పండి. గిన్నె అతన్నే ఉంచుకోమనండి. వాళ్ళ ఊళ్ళో ఎలాగో తెలియదు గాని, మా కొండల్లో పొరుగింటి పళ్ళెం ఒట్టిది తిప్పి పంపితే మా అమ్మ చెంప పగలగొట్టేది. గిన్నె వస్తూ ఉంటే నేను ఆపలేను. ఆస్పత్రిలో ఇవ్వడానికి ఇంకేమీ మిగల్లేదు. చిన్న మదర్లు పాలు లేని కాఫీ తాగుతున్నారు.'"

జగన్నాధం నెమ్మదిగా అడిగాడు. "మరది మాకు సెప్పలేదేటి బావూ?"

"ఉత్తరం చివర అందరూ రాసే క్షేమసమాచారాలే అనుకున్నాను నాయనా. మాట మూలం అయిపోయిన చోట చదవడం ఆపేశాను."

"మన ముక్కో? అంపొద్దని రాయమన్నాను గదా."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడవాల్సింది ఏమీ లేదు. "క్రియ తేలాక రాద్దామనుకున్నాను."

"నాకు తెలుసు!" అని గంగులు అరిచాడు. "మదరమ్మ గిన్నె సూసినప్పుడల్లా నెత్తి బాదుకుంటన్నాది. సైకిలు పోయినకాణ్ణుంచీ సెప్పీద్దారనే ఉన్నాను."

"సైకిలు పోకముందో?" అంది అసిరమ్మ.

గంగులు తన బుగ్గలు తనే తడుముకుని రోగుల వరసలో వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

ఇంతా తెలిసి కూడా గేదె చెట్టు దగ్గరే ఉంది. మదరమ్మ తీసుకోనని చేతులు ఊపుతోంది. జగన్నాధం ఇచ్చింది వెనక్కి తీసుకునే వంశంలో పుట్టలేదు. పసిపిల్లకి ఆకలి వేళయి గుక్కపెట్టి ఏడుస్తోంది. పాలు ఉన్నాయి గాని, ఎవరి పాలో తెలియడం లేదు. గేదె ఒకసారి వాళ్ళందర్నీ చూసి నెమరు మొదలుపెట్టింది.

అప్పుడు అసిరమ్మ పిల్లని భుజం మార్చుకుని, "మావా," అంది. "ఆడదానికి తొలి పురుడు ఎక్కడవ్వాల?"

"పుట్టింట్లో."

"నాకెక్కడైంది?"

జగన్నాధం ఆస్పత్రి తలుపు చూపించాడు.

"మరి నాకిదేటవుతాది? నాకు ఊహ తెలీకముందే మా అమ్మ పోయింది. పురిటికి తీసుకెల్లీ మనిసి లేదని అత్తింట్లోనే మంచమెక్కేను. నలుగురు నన్ను మోసుకొచ్చి ఈ తల్లి ముందర దింపేరు. ఇది నా పుట్టిల్లే. పుట్టింటి గిన్నె తిరిగిచ్చీ ఆడదాన్ని నీ బతుకులో సూసేవా? తల్లి ఎట్టింది తిని, మూతి తుడుసుకుని, ఇంకేటున్నాదని ఉట్టి కేసి సూడ్డమే. మూణ్ణెల్లూ మనం ఏటి సేస్తన్నాం మావా? తల్లితో లెక్కలేసుకుంటన్నాం. సిగ్గు లేదేటి మనకి?"

మాస్టారు లేచి ఆ మాటలన్నీ మదరమ్మకి ఇంగ్లీషులో చెప్పారు. ఈసారి ఒక్క వరస కూడా వదల్లేదు. మూడు నెలలు చెదపుస్తకంలో వెతికిన మేలూ, తిరిగి చేసిన మేలూ నాలుగు మైళ్ళ దారిలో గిన్నె పట్టుకుని తన గుమ్మం ముందు నుంచే తిరిగాయని ఆయనకి అప్పుడు తట్టింది.

మదరమ్మ అంతా విని గేదె వైపు తిరిగింది. తర్వాత అడిగింది, మరి గేదె సంగతి ఏమిటని. మాస్టారు అసిరమ్మని అడిగారు.

"పుట్టింటోలు మనవరాలికి పాలగేదెనిస్తారు. ఇయ్యమనండి," అంది అసిరమ్మ. "అలగిచ్చింది అట్టుకెల్తే తప్పు లేదు. అట్టుకెల్లకపోతేనే తప్పు."

మదరమ్మ వేపచెట్టు దగ్గరికి వెళ్ళి తనే పలుపు విప్పింది. తెచ్చి, ఏడుస్తున్న పిల్ల గుప్పిట్లో ఆ తాడు కొస పెట్టింది. పిల్ల ఏడుపు ఆపి తాడు నోట్లో పెట్టుకోబోయింది. మదరమ్మ ఆ గుప్పిటనీ తాడునీ కలిపి ముద్దు పెట్టుకుని, తనకి వచ్చిన తెలుగు దేనికీ సరిపోక, అసిరమ్మని గుండెలకి హత్తుకుంది. చిన్న మదర్లు గేదె వంక ఆఖరిసారి చూసుకున్నారు. అసిరమ్మ అది గమనించి, "ఎల్తూ ఒక సెంబు పితికీసి ఎల్లు మావా," అంది. "పుట్టింట్లో పాల్లేపోతే మనకే నామోసీ."

జగన్నాధం పాలు పితికి ఇచ్చాడు. సైకిలుకున్న గొడుగూ గిన్నే విప్పుకుని, సైకిలు తీసుకెళ్ళి గంగులు ముందు ఆనించాడు. గంగులు నోరు తెరిచాడు గాని, అసిరమ్మ ముఖం చూసి మూసుకున్నాడు. జగన్నాధం మదరమ్మ ముందుకి వచ్చి నిలబడ్డాడు. చెప్పాల్సింది చాలా ఉంది. చేతులు జోడించి, "వస్తాం తల్లీ," అన్నాడు. పుట్టింటి నుంచి ఆడపిల్లని తీసుకుపోయే అల్లుడు ఇంతకంటే ఏమంటాడు?

బయటికి వచ్చాక అసిరమ్మ పిల్లని ఎత్తుకుంది. ఎండ మండిపోతోంది. జగన్నాధం గొడుగు విప్పి తల్లీపిల్లల మీద పట్టాడు. పట్టుకునే చెయ్యి లేక మిగిలిపోయిన గేదె పలుపుని గోవిందరావు మాస్టారి చేతిలో పెట్టాడు.

ఆ నాలుగు మైళ్ళూ మాస్టారు ఏ మాటకీ మూలం అడగలేదు.